వేప అంటిన ఆకు

సౌభాగ్య పురుగుల గదిలో తట్టల్లో మల్బరీ ఆకు పరుస్తోంది. పట్టుపురుగులు నాలుగోసారి పొర విడిచే జ్వరం దాటి లేచాయి. ఇక గూడు కట్టేదాకా వాటి ఆకలికి అంతుండదు. ఆకు పడితే చాలు, గదంతా తుంపర పడుతున్నట్టు నమిలే చప్పుడు. ఈ పొద్దు మూడు తట్టలు నిండినా ఆ చప్పుడు లేదు.

అత్త అక్కయమ్మ వచ్చి తట్ట మీదికి వంగింది. పురుగులు ఆకును తాకి తల పక్కకు తిప్పుకుంటున్నాయి.

"ఏమ్మే, పక్క చేనోళ్లు మందు గాని కొట్టినారా?"

"లేదత్తా. మన తోటదే, ఇప్పుడే కోసుకొచ్చినాను."

అక్కయమ్మ ఆకు వాసన చూసింది. తర్వాత కోడలి చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"వేపాకు నూరినావా?"

సౌభాగ్య చెయ్యి వెనక్కి లాక్కుంది. తెల్లారగానే వేపాకు నూరి రొమ్ములకు పూసుకుంది. ఏడాది నిండిన గంగ ఒక్కసారి నోరు పెట్టి, చేదుకు మొహం చిట్లించి, పరాయి మనిషిని చూసినట్టు తల్లిని చూసింది. ఆ ఏడుపు మాన్పించే తొందరలో చేతులు సరిగ్గా కడుక్కోలేదు.

"పాలు మాన్పించేదానికి," అంది నేల చూస్తూ. "గార్మెంట్స్ కంపెనీ బస్సు ఈ పొద్దు ఎక్కకుంటే నా మిషను ఇంగొకరికి ఇస్తారంట."

"నాకు చెప్పకుండానే?"

"చెప్తే వద్దంటావని."

"అంటాను. ఇంటి నిండా పురుగుల మేత పని ఉండాది. పాపను ఎవురు ఎత్తుకుంటారు, ఈ పురుగులా?"

"ఈడ నేను మోహన్ పెండ్లాన్ని, గంగ వాళ్లమ్మను. ఆడ కాలర్లు కుట్టే సౌభాగ్యను, అత్తా. నేను పోవల్ల."

అక్కయమ్మ చెడిన ఆకంతా గంపలోకి ఎత్తింది. గంప పక్కకు పెట్టి అంది:

"మామిడితోట కూలికి పోవల్లని, నీ మొగుడికి పాలు మాన్పించేదానికి నేనూ వేప పూసుకున్నాను. మూడు దినాలు ఏడ్చినాడు. నాలుగో దినం పిలిచినా రాలేదు, ఎదవ. ఆ పొద్దు తోటలో నాకు చెయ్యే ఆడలేదు."

సౌభాగ్య సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. చీర మార్చుకుంటుంటే గంగ పాక్కుంటూ వచ్చి కుచ్చిళ్లు పట్టుకుంది. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. సౌభాగ్య కదల్లేదు.

అక్కయమ్మ వంగి, ఆ చిన్న వేళ్లు ఒక్కొక్కటే విడిపించి, పాపను చంకనెత్తుకుంది. తల్లి కనబడకుండా పాప మొహం మీదికి కొంగు కప్పింది. దొడ్డి తలుపు తోసుకుని తోటవైపు వెళ్లిపోయింది.