ఇరవై గుండుసూదులు

మనిషి ఇంకా ఆకాశం దాటి వెళ్ళని రోజులవి. కుక్కలూ కోతులూ వెళ్ళాయి. ఇష్టమేనా అని వాటినెవరూ అడగలేదు. ఇక మనిషి వంతు. అతను తొడుక్కునే సూటు కుట్టే పని, మొన్నటిదాకా ఆడవాళ్ళ లోదుస్తులు కుట్టిన ఫ్యాక్టరీలో ఒక కుట్టుపనావిడ చేతికి వచ్చింది.

అక్కడ నియమం ఒకటే. పొద్దున ఇరవై గుండుసూదులు లెక్కపెట్టి ఇస్తారు, సాయంత్రం ఇరవై అప్పజెప్పాలి. లెక్క చూసే సూపర్‌వైజరుకు అందరూ పెట్టిన పేరు భూతద్దం. ఆవిడ ముందు తుమ్మినా లెక్కలోకి వస్తుంది.

ఆ సాయంత్రం లెక్క సరిపోయింది. ఇంటికొచ్చి కూతురి గౌను అంచు సరిచేస్తుంటే, ఆ పిల్ల బడిలో విన్నదంతా అడగడం మొదలుపెట్టింది. పైన గాలే లేదట, మరి ఆయన ఊపిరెలా పీలుస్తాడు? సూటులోనే గాలి నింపుతారనీ, అది మనిషి ఆకారంలో ఉన్న బుడగలాంటిదనీ తల్లి చెప్పింది.

"బుడగ టప్‌మంటే?"

"నేను కుట్టింది అనదులే."

అంటూనే, కాలరుకు ఎప్పుడూ గుచ్చి ఉంచుకునే సొంత గుండుసూది కోసం చెయ్యి పెట్టింది. లేదు.

సాయంత్రం హడావిడిలో కాలరుకున్న సూదిని కూడా పీకి అప్పజెప్పేసినట్టుంది. ఇరవయ్యో సూది అదే. మరి ఫ్యాక్టరీ సూది? సూటు పొరల్లోనే ఉండిపోయి ఉండాలి. రేపు ఆఖరి కొలత చూసి సూటును పెట్టెలో పెట్టి పంపేస్తారు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది. తన సూదే దారిలో ఎక్కడో రాలిపోయి ఉంటుందని కాసేపు తనకు తనే నచ్చజెప్పుకుంది కానీ మనసు ఒప్పలేదు. పిల్లను పక్కింటి పిన్నికి అప్పగించి మళ్ళీ ఫ్యాక్టరీకి నడిచింది.

లెక్క తప్పిందని చెప్పగానే భూతద్దం పుస్తకం తెరిచి సంతకం చూపించింది. "సరిపోయిన లెక్కను తప్పంటావేంటమ్మా?"

"సరిపోయిందనే కదా మేడమ్ నా భయం."

మర్నాడు కుట్లు విప్పుతుంటే, సూటు తొడుక్కోవలసిన మనిషే ఆఖరి కొలతకు వచ్చాడు. ఏం వెతుకుతున్నారని అడిగాడు. కుట్టుపనావిడే చెప్పింది. అతను ఒక స్టూలు లాక్కుని సూటు పక్కనే కూర్చున్నాడు.

"విప్పండమ్మా. అది దొరికేదాకా నేనెక్కడికీ పోనులే."

మూడు వారాల కుట్లను రెండు రోజులపాటు విప్పుతూ పోయారు. సూది మోకాలి దగ్గర, రబ్బరు పొరను ఆనుకుని దొరికింది. అతను కూర్చుంటే చాలు, దిగిపోయేది. భూతద్దం దాన్ని కాగితంలో చుట్టి పుస్తకంలో పెట్టుకుంది. కుట్టుపనావిడను మళ్ళీ లోదుస్తులకు పంపింది. ప్రయాణం వారం వాయిదా పడింది. వాతావరణం బాగాలేదని పేపర్లు రాశాయి. బయటేమో ఎండ మండిపోతోంది.

అతను ఎగిరిన రోజు మెషీన్లన్నీ ఆపి అందరూ రేడియో చుట్టూ చేరారు. క్షేమంగా దిగాడని చెప్పేదాకా ఆవిడ మాత్రం తలెత్తలేదు. దొరికింది ఒక్కటే, అది దొరకగానే విప్పడం ఆపేశారు. విప్పని పొరలు ఏవేవి మిగిలాయో ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ కూర్చుంది.