సొట్టలు పడ్డ డాళ్లు

తెలంగాణ ఇచ్చేదాకా బొగ్గు తవ్వేది లేదని కార్మికులు సమ్మెకు దిగి పదిహేను రోజులైంది. సమ్మె శిబిరంలో కూర్చుని వచ్చాక గని కార్మికుడు రాంజీకి ఇంట్లో కాలు నిలవడం లేదు. భూపాలపల్లి క్వార్టర్‌లో అతను అటూ ఇటూ తిరుగుతుంటే, కిటికీ దగ్గర పనిచేసుకుంటున్న అతని భార్య కళావతికి గీత వంకర పోతోంది.

ఆమెది సన్నపని. రాక్షసులూ వీరులూ తలపడే బల్లమీది ఆటలో బొమ్మ సైనికుల కోసం, గోరంత డాళ్లను పుట్టీతో మలిచి, రంగులేసి హైదరాబాద్ దుకాణానికి పంపుతుంది. ఈసారి వాళ్లు యుద్ధంలో దెబ్బతిన్న డాళ్లు కావాలన్నారు. ఎన్ని గీతలు గీసినా అవి కొత్తవాటిలాగే ఉన్నాయి.

"జర ఒక్కకాడ కూసో రాదయ్యా!" అని కసిరింది.

రాంజీ వచ్చి ఒక డాలు పట్టి చూశాడు. "గిది దెబ్బ గాదే, గోకుడు. మీదికెళ్లి రాయి పడితే అంచు లోపటికి వంగుతది. నా గని టోపీ సూస్తలేవా?" అంటూ ఆమె గీతలు గీసే సూది అందుకున్నాడు.

మొదటి మూడూ అతని మొద్దువేళ్ల కింద చితికిపోయాయి. నాలుగోది మాత్రం అంచు నలిగి, నడుమ సొట్టపడి, నిజంగానే ఎవరి ప్రాణమో కాపాడినట్టు కనిపించింది. కళావతి ఆ సొట్టలో తుప్పురంగు నింపింది. ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసే కూర్చున్నారు.

మరో మూడు వారాలకు సమ్మె విరమించారు. తెలంగాణ రాలేదు. డ్యూటీ దిగి వచ్చిన రాంజీ స్నానమైనా చేయకుండా కిటికీ దగ్గర కూలబడ్డాడు.

"గిన్ని దినాలు కొట్లాడి ఉత్తగనే మళ్ల గనిల దిగినం గదనే," అన్నాడు.

కళావతి పుట్టీ ముద్ద అతని చేతికిచ్చింది. ఆ సాయంత్రం అతను చేసిన డాళ్లలో ఒక్కటీ పనికిరాలేదు. అయినా ఆమె ఆపమనలేదు.