విప్పిన మొలతాడు

“బిగువైందా సారూ? వేలు పడుతదా?” అంటూ మొగిలయ్య తన చూపుడువేలిని ఆ మనిషి నడుముకూ మొలతాడుకూ మధ్య దూర్చి చూశాడు. వేలు పట్టింది. ముడిని బొటనవేలితో ఒకసారి నొక్కి, చొక్కా కిందికి లాగాడు. “ఇగ పోండ్రి. ఏ ఇంట్లనన్న పోయి రాండ్రి అనాలె గని, ఈడ మాత్రం అట్లనొద్దు.”

ఆ మనిషి భార్య నవ్వింది. ఆయన కూడా నవ్వబోయి, రొమ్ము మీది కుట్లు లాగడంతో దిండును గుండెకు అదుముకున్నాడు. చక్రాల కుర్చీ లిఫ్టు వైపు వెళ్లిపోయింది.

నాచారం నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో ఉన్న ఆ గుండె ఆసుపత్రిలో, ఆపరేషన్‌కు ముందురోజు రోగి ఒంటి మీది వెంట్రుకలు తీయడం మొగిలయ్య పని. ఛాతీ, చంకలు, రెండు కాళ్లు. ఒకప్పుడు కత్తితో చేసేవాడు. గాటు పడితే చీము పడుతుందని ఇప్పుడు మిషన్ ఇచ్చారు. తండ్రి నాటి మంగలికత్తి మాత్రం రేకుపెట్టెలో అలాగే ఉంది. రోజూ పెట్టె తెరిచి దానికి దండం పెట్టుకున్నాకే మిషన్ పట్టుకుంటాడు. సన్నటి మనిషి. వంగిన మెడ, నీళ్లలో నానినానీ మెత్తబడిన వేళ్లు. ఎడమ బొటనవేలి గోరు ఒక్కటే పెంచుకున్నాడు. అది ముడులు విప్పడానికి.

ఆపరేషన్‌కు పోయే మనిషి ఒంటి మీద దారప్పోగు కూడా ఉండకూడదు. తాయెత్తు, చేతికి కట్టుకున్న ఎర్రదారం, మొలతాడు, అన్నీ తీసేయాలి. మిగతా వార్డుబాయిలు కత్తెర పెట్టి కసుక్కున కోసేస్తారు. కానీ అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది ఇళ్లలో మగవాడి మొలతాడు తెంపేది ఒకే ఒక్కసారి, ఆలి చనిపోయినప్పుడు. రొమ్ము చీలుస్తారంటే తలూపిన మనుషులు నడుము దగ్గరికి కత్తెర వస్తే వణికిపోవడం మొగిలయ్య చూశాడు. అందుకే ఆయన కోయడు, విప్పుతాడు. ఏళ్ల తరబడి నూనె, చెమట తాగి రాయిలా బిగుసుకున్న ముడినైనా గోరుతో తిప్పితిప్పి వదులు చేస్తాడు. విప్పిన తాడును చుట్టచుట్టి ఆ మనిషి భార్య చేతిలో పెట్టి ఒకే మాట చెప్తాడు.

“జాగ్రత్తగ పెట్టు చెల్లె. ఇంటికి పోయేరోజు మళ్ల కట్టాలె.”

మొదట్లో ఊరికే, భయం పోవడానికి అన్నాడు. తర్వాత తర్వాత ఒకటి కనిపెట్టాడు. ఆ మాట విని “యాడ పెడ్తవే, పోగొడ్తవు” అని భార్యను కసిరే మగవాళ్లు ఆపరేషన్ అయ్యాక త్వరగా మంచం దిగేవాళ్లు. “ఇంక నాకెందుకులే, దేవుని కాడ పడెయ్యి” అన్నవాళ్లు గోడ వైపు తిరిగి పడుకునేవాళ్లు. దగ్గమంటే దగ్గరు, లేవమంటే లేవరు. అందరూ అని కాదు. ఎక్కువమంది.

ఈరోజు సాయంత్రం ఇదే వార్డులో కిటికీ పక్క మంచం మీద ఆయనే పడుకోవాలి. రేపు తెల్లవారగానే మొదటి ఆపరేషన్ ఆయనదే. మూడు నాళాలు మూసుకుపోయాయి. మెట్లెక్కుతూ గోడ పట్టుకుని నిలబడితే సంతోషి సిస్టర్ చూసి, బలవంతాన డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

“సగం రోజన్న పండుకోరాదే మొగిలన్నా,” అంది సంతోషి అటు వెళ్తూ. “నువ్వు లేకుంటే వార్డు ఆగిపోతదా?”

“ఇంట్ల కూసుంటే ఇంక భయమైతది బిడ్డా. ఈడనే నయం.”

అది సగం నిజం. ఎక్కడున్నా భయంగానే ఉంది.

పొద్దుటి టీ వేళకు డాక్టర్ మనస్విని పిలిచింది. ఆమె కోత డాక్టరు కాదు. ఆపరేషన్‌కు ముందు రోగుల పక్కన కూర్చుని, ఇంటికెళ్లాక ఏం చేస్తారు, ఎక్కడికి నడుస్తారు, ఎవరితో ఏం తింటారు అని అడిగి, వాళ్ల నోటితోనే చెప్పించే డాక్టరు. ఆ కబుర్లన్నీ మొగిలయ్య మిషన్ తుడుచుకుంటూ రోజూ వినేవే.

“కూర్చోండి మొగిలయ్య గారూ. ఇవాళ మీరు పేషెంటు. ఇంటికెళ్లిన వారానికి ఏం చేస్తుంటారు?”

“పనికొస్త మేడం.”

“వారానికా? ఇంకొకరు అంటే మీరే నవ్వుతారు.”

“మరి... మెల్లగ నడుస్త. మా త్రివేణికి కూరగాయలు కోసిస్త.”

“ఇవన్నీ ఈ కుర్చీలో కూర్చుని వేరేవాళ్లు చెప్పినవి. మీకేం కావాలో చెప్పండి.”

మొగిలయ్య నిజంగానే వెతికాడు. కూతురు త్రివేణికి ఉద్యోగం ఉంది, మంచి అల్లుడున్నాడు. చిలకానగర్‌లో వాళ్ల ఇంట్లో ముందుగది ఆయనది. గదిలో మల్లన్న పటం, దాని కింద మంచం. లేచి వచ్చి చేయాల్సింది ఏముంది? ఏది తలచుకున్నా అది ఆపరేషన్ గది తలుపుల దాకా వచ్చి ఆగిపోతోంది. ఆ తలుపులకు ఆవల ఏమీ కనబడటం లేదు.

“మేడం, మంచిగయితదనుకుంటే మంచిగయితదా?”

“అనుకోవడం గుండెని కోయదు, కుట్టదు. అది సర్జన్ గారి పని. కానీ లేచాక నొప్పి ఉన్నా దగ్గాలి, నడవాలి. ఎక్కడికి నడవాలో ముందే తెలిసినవాళ్లు కాస్త త్వరగా నడుస్తారు. నేను చెప్పగలిగింది అంతే.”

“అనుకున్నా లేవనోళ్లు?”

“ఉంటారు,” అంది. అబద్ధం చెప్పనందుకు ఆయనకు ఆమె మీద గౌరవం కలిగింది, భయమూ పెరిగింది.

మధ్యాహ్నం ఆ మాట నిజమైంది. లాలాపేట నుంచి వచ్చిన హన్మయ్యకు నిన్న మిషన్ పెట్టింది మొగిలయ్యే. రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఒళ్లంతా వెంట్రుకలే. “గొర్రెకు ఉన్ని తీసినట్టు తీస్తున్నవేందే!” అని వార్డంతా నవ్వించాడు. ఈసారి మనవణ్ని తీసుకుని ఉప్పల్ స్టేడియం లోపల కూర్చుని మ్యాచ్ చూస్తానన్నాడు. “ఇన్నేండ్లు గోడవతల నిలవడి అరుపులే విన్న. ఎవడు కొట్టిండో ఎవడు అవుటయిండో తెల్వదు.” మొలతాడు విప్పితే భార్యను కసిరాడు కూడా. అన్నీ మంచి గుర్తులే.

సంతోషి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. “మొగిలన్నా, హన్మయ్య తాత లోపట్నే పోయిండు.”

ఆపరేషన్ గది బయట బల్ల మీద హన్మయ్య భార్య, ఆ ముసలమ్మ, కూర్చుని ఉంది. ఏడవడం లేదు. మొగిలయ్యను చూసి పిడికిలి విప్పింది. అందులో చుట్టచుట్టిన మొలతాడు, చెమటకు తడిసి ఉంది.

“అన్నా, మళ్ల కట్టాలంటివి. ఇది ఇప్పుడు ఏం జెయ్యాలె?”

ఇన్నేళ్లలో ఎవరూ ఆయన్ను ఆ మాట అడగలేదు. పోయినవాళ్ల భార్యలు ఆయన దాకా వచ్చేవాళ్లు కాదు. మొగిలయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. కొడుకులు వచ్చి ఆమెను లేపి తీసుకుపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

తిరిగి వార్డుకొచ్చేసరికి పోశయ్య మంచం దగ్గర గొడవ జరుగుతోంది. పోశయ్య నాచారంలో అట్టపెట్టెల కంపెనీలో లోడింగు పనిచేసే మనిషి. బండలాంటి భుజాలు. ఆ భుజాల మనిషి రెండు చేతులతో నడుము పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎదురుగా కత్తెరతో వార్డుబాయి మహిపాల్. పక్కన భార్య వెంకటనర్సమ్మ.

“జర సెయ్యి తియ్యవయ్యా పెద్దమనిషీ,” అంటున్నాడు మహిపాల్. “దారం తెంపితేనే గిట్ల జేస్తే, రేపెట్ల?”

“రేపు నన్ను ఏమన్న జేసుకోండ్రి. ఎట్లయినా నేను తిరిగొచ్చేది లేదు. గని ఇది తెంపితే అది నా పెండ్లానికి తగుల్తది.”

“కత్తెర లోపట పెట్టు మహిపాల్. నేను సూస్కుంట,” అన్నాడు మొగిలయ్య.

మిషన్ పెట్టాడు. రొమ్ము మీద వెంట్రుకలు నల్లగా జారుతుంటే పోశయ్య కళ్లు మూసుకున్నాడు. చర్మం మీద పులకలు లేచాయి. చలికి కాదని మొగిలయ్యకు తెలుసు. కాళ్లు పూర్తయ్యాక నడుము దగ్గర వంగాడు. నల్లని తాడు, దానికొక చిన్న తాళంచెవి. ముడి బిగుసుకుని ఉంది. గోరు ఆనించి, అటు తిప్పి ఇటు తిప్పి, చాలాసేపటికి వదులు చేశాడు. తాళంచెవి తీసి పోశయ్యకిచ్చి, తాడును చుట్టచుట్టాడు. వెంకటనర్సమ్మ కొంగు పట్టింది.

అందులో వేశాడు. ఆ తర్వాత అనాల్సిన మాట రాలేదు.

వెంకటనర్సమ్మ కొంగు అలాగే పట్టుకుని నిలబడింది. పోశయ్య కళ్లు తెరిచాడు.

“ఏందన్నా, ఏమంటలేవు? పొద్దుగాల ఆ సారుకు ముడేసుకుంట నవ్వుతనే ఉంటివి. నాకాడికొచ్చేవరకు నోరు పడిపోయిందా? డాక్టర్లు ఏమన్న చెప్పిన్రా నీకు?” ఆయన పెదవులు తెల్లబడ్డాయి.

తన మౌనం ఆ మనిషికి ఎలా వినబడిందో మొగిలయ్యకు అప్పుడు అర్థమైంది. “నీ గురించి కాదే! నీదేం లేదు. రేపు పొద్దున నాది గూడ ఉన్నది.”

“ఏంది నీది?”

“గుండెదే. నీకంటే ముందు నన్నే తీస్కపోతరు.”

పోశయ్య ఆయన్ను ఎగాదిగా చూశాడు. “నీకు సుత రిపేరేనా!” అన్నాడు. అన్నాక ఆగకుండా ఒక నవ్వు వచ్చింది. “మరి నీకు మిషనెవడు పెడ్తడు?”

“మహిపాల్.”

“వాడా? తోలు లేపుతడు!”

దూరంగా మహిపాల్ ఏదో తిట్టాడు. మొగిలయ్యకూ నవ్వొచ్చింది. అలా నవ్వుతూనే పోశయ్య అడిగాడు. “మొలతాడు ఎవరు విప్పుతరు? వానితోటి కాదు.”

“నాకు లేదు,” అన్నాడు మొగిలయ్య.

ఆ మాట విడమరచి చెప్పక్కరలేకపోయింది. భార్య రాజవ్వ పోయినప్పుడు నాగోల్ దగ్గర మూసీ ఒడ్డున బావమరిది తెంపాడు. ఆనాటి నుంచి నడుము దగ్గర ఏదో మరిచిపోయినట్టుగానే ఉంటుంది. రోజూ పదిమందికి విప్పి, పదిమందికి కట్టే వేళ్లు నిద్రలో అక్కడ తడుముకుంటాయి.

వెంకటనర్సమ్మ కొంగులోంచి తాడు తీసింది. ఒకసారి కళ్లకద్దుకుని, దాన్ని మొగిలయ్య అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

“ఇది నీ దగ్గరుండనీ అన్నా.”

“నా దగ్గరెందుకు చెల్లె! నాకేమన్న అయితే? ఇది మామూలు దారం గాదు.”

“నాకు తెల్వదా, ఏం దారమో?” ఏమిస్తోందో, ఎవరికిస్తోందో ఆమెకు పూర్తిగా తెలుసు. “ఇందాక ఆపరేషన్ గది బయట ఆ ముసలమ్మ నిన్ను అడిగింది నేను సూసిన. నేనట్ల కూసోలేను. ఈయనకు మళ్ల కట్టేటోనివి నువ్వే. కట్టేటోని దగ్గర్నే ఉండాలె.”

“తప్పించుకుందామని సూడకు మొగిలన్నా,” అన్నాడు పోశయ్య. “వేరేటోడు ముట్టుకుంటే నేను ఊకోను.”

మొగిలయ్య తాడును తీసుకెళ్లి తన రేకుపెట్టెలో, మంగలికత్తి పక్కన పెట్టాడు.

సాయంత్రం త్రివేణి వచ్చింది. మహిపాల్ మిషన్ పెట్టాడు. తోలు లేపలేదు. ఊపిరి బిగబట్టి, పసిపిల్లవాడికి పుట్టువెంట్రుకలు తీసినంత భద్రంగా తీశాడు. చల్లటి ఇనుము రొమ్ము మీద పాకుతుంటే, ఇన్నేళ్లూ తన చేతి కింద మనుషులు ఎందుకు కళ్లు మూసుకునేవారో మొగిలయ్యకు తెలిసింది. నడుము దగ్గరికొచ్చి, తీయడానికేమీ లేక, మహిపాల్ తల పక్కకు తిప్పుకున్నాడు.

దీపాలు తగ్గించే ముందు మల్లన్నను తలచుకున్నాడు. ఎప్పుడూ నన్ను చల్లగా చూడమని అడిగేవాడు. ఆ పూట, ఆ ఆడమనిషి దారం పోనీయకు స్వామీ అని అడిగాడు. దేవుడు వినేది మొక్కునా, మొక్కేవాడి గొంతునా? హన్మయ్య గొంతులో ఏం తక్కువైంది? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. భయం అలాగే ఉంది. కానీ ఆ తలుపులకు ఆవల ఇప్పుడొక మంచం, మంచం మీద ఒక బండలాంటి మనిషి నడుము మసకగా కనబడుతున్నాయి.

తెల్లవారుతుండగా స్ట్రెచర్ వచ్చింది. ఎక్కించబోతుంటే మొగిలయ్య ఆగమన్నాడు. రేకుపెట్టెను త్రివేణి ముందుకు తోశాడు.

“జాగ్రత్తగ పెట్టు బిడ్డా. అందులది ఎవ్వలకియ్యకు. నేనొచ్చి మళ్ల కట్టాలె.”

ఆ మాట తనకోసం తాను అనడం అదే మొదలు.

“సరే నాయినా. పోయి రా,” అంది త్రివేణి, ఏడుపు ఆపుకుని.

సంతోషి పక్కనే నడుస్తోంది. “మనస్విని మేడంకు ఒక మాట చెప్పు బిడ్డా. వారానికి ఏం జేస్తవని అడిగింది. ఒక ముడి వేసేదున్నదని చెప్పు.”

పోశయ్య మంచం మీంచి తల ఎత్తాడు. “అన్నా, జల్ది రా. నడుము బోసిగున్నది.”

చక్రాలు గచ్చు మీద కిర్రుమన్నాయి. మొగిలయ్య చేయి దుప్పటి కింద నడుము దాకా పోయి, అక్కడ ఏమీ లేదని గుర్తొచ్చి, అక్కడే ఉండిపోయింది. తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి.

కిటికీ పక్క ఖాళీ మంచం మీద, త్రివేణి తెరిచి చూసి మూయడం మరిచిన రేకుపెట్టెలో, పాత మంగలికత్తి పక్కన ఆ నల్లని తాడు చుట్టచుట్టుకుని ఉంది. ఒకప్పుడు ముడి ఉన్న చోట దాని వంపు ఇంకా సాగలేదు.