దయాసాగర్ ఊపిరి

డెబోరా చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, ఎదురుగా కూర్చున్న అత్త సుగుణమణి చటుక్కున తలెత్తింది.

"ఇంటున్నవా బిడ్డా? మీ మామ దగ్గుతున్నడు."

మామ దయాసాగర్ పోయి రెండేళ్లు దాటింది. గోదావరిఖని గనుల్లో బొగ్గుపొడి పీల్చిన మనిషి. మంచం పట్టిన నాటినుంచి ఆయన వీపు నిమిరిందీ, నల్లటి కఫం ఎత్తిపోసిందీ సుగుణమణే. క్వార్టర్‌లో ఇప్పుడు దగ్గేవాళ్లెవరూ లేరు. అయినా అత్తది ఉత్త భ్రమ అనడానికి డెబోరాకు నోరు రాలేదు.

డెబోరా హైదరాబాద్‌లో కణాల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. ఒకరోజు గాజుపాత్రలో బతికించి పెంచుతున్న శ్వాసనాళపు కణాలను సూక్ష్మదర్శినిలో చూస్తోంది. వాటి అంచున సన్నటి నూగు ఆగకుండా ఊగుతోంది, కంటికి కనపడని దుమ్మును పైకి నెడుతున్నట్టు.

"మీ మామగారివే. ఆపరేషనప్పుడు తీసినవి," అన్నాడు తోటి శాస్త్రవేత్త జగదీశ్వర్, మామూలుగా.

అప్పటికి ఆయన్ను సమాధి చేసి నెలలు గడిచాయి. ఆ కణాలను ఆమె మళ్లీ ముట్టలేకపోయింది. ఉద్యోగం మానేసి, ఒకరి శరీరం మీద చివరి మాట ఎవరిది అన్న ప్రశ్న పట్టుకుంది. వ్యాసాలు రాసింది, సభల్లో నిలదీసింది. ఇంట్లో మాత్రం భర్త టోనీ నోరు నొక్కేశాడు.

"దవాఖానల బాపు మత్తుల ఉండె, తీసినయి ఉంచుకుంటమంటే నేనే సరే అన్న. అమ్మను అడిగేదేంది? ఆమెకేం తెలుస్తది? ఇప్పుడు చెప్పి ఏడిపియ్యకు."

చిక్కుడుకాయల పళ్లెం పక్కకు జరిపి, డెబోరా ఇవాళ అంతా చెప్పేసింది.

సుగుణమణి ఏడవలేదు. "నన్నెవ్వరు అడగలే," అంది. ఆ తర్వాత, "నన్ను ఆడికి తోల్కపో."

"ఇద్దరు కలిసి పరువు తీస్తరా?" అని టోనీ అరిచాడు. అత్తాకోడళ్లు రామగుండంలో హైదరాబాద్ రైలెక్కారు.

ప్రయోగశాలలో సుగుణమణి సూక్ష్మదర్శినికి కన్ను ఆనించింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆమె ఊపిరి కూడా ఆ నూగు ఊపులోకి మారిపోయింది. గది నిండా అదొక్కటే చప్పుడు. డెబోరా భయపడి భుజం పట్టుకుంది.

"ఇంకా పనే చేస్తున్నడు," అంది సుగుణమణి. జగదీశ్వర్ వైపు తిరిగింది. "ఇప్పుడు అడుగు సారూ."

అతను తల దించుకున్నాడు. "వీటిని... ఉంచుకోమంటారా అమ్మా?"

ఆ ఇంట్లోగానీ, ఆ దవాఖానలోగానీ ఆమెను ఇన్నేళ్లలో ఎవరూ ఏదీ అడిగింది లేదు. సుగుణమణి వద్దన్నట్టు తల ఊపి, గాజుపాత్ర మీదికి వంగి, భర్తను నిద్రలేపుతున్నట్టు మెల్లగా అంది:

"డ్యూటీ అయిపోయింది. ఇంక పైకి రా."