నింపుడు పీపా

సోమవారం పొద్దున్నే పీపాలు నింపడం మ్యూరియెల్ పని. ఓక్ చెక్క ఊరికే ఉండదు, లోపలి వైన్‌ని కొద్దికొద్దిగా తాగేస్తూ ఉంటుంది. తరిగినంత మేరా గాలి చేరితే వైన్ పులిసిపోతుంది. అందుకని వారంవారం నేలమాళిగలోకి దిగి, ఒక్కో పీపా బిరడా తీసి, అంచుదాకా పోసి, మళ్ళీ బిగించాలి. ఈ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. ఇంట్లో చీపురు ఎవరి చేతికి వస్తుందో అలాగే పెళ్ళైన కొత్తలో ఇదీ ఆమె చేతికొచ్చింది.

"దానికేం, వంగి పొయ్యడమేగా!" అంటాడు మొగుడు రెజిస్. కొనేవాళ్ళ ముందు గ్లాసు తిప్పేది అతను. సీసా మీద ఉండేది అతని పేరూ, అతని తండ్రి పేరూ. అత్తగారు బతికున్న రోజుల్లో "ఆ మూడ్రోజులూ కిందికి దిగకమ్మా, వైన్ విరిగిపోతుంది" అని భయపెట్టేది. ఆ మూడ్రోజుల్లో సోమవారం పడితే మాత్రం ఆ మాట ఇంట్లో ఒక్కరికీ గుర్తుండేది కాదు. వైన్ కూడా ఎన్నడూ విరగలేదు మరి!

విరిగింది ఒక్కసారే. తల్లి మంచాన పడితే మ్యూరియెల్ వెళ్ళి ఆఖరిదాకా దగ్గరుంది. తండ్రీకొడుకుల్లో ఒక్కరైనా నేలమాళిగ మెట్లు దిగిన పాపాన పోలేదు. తల్లిని పాతిపెట్టి వచ్చిన మనిషిని గుమ్మంలోనే పలకరించాడు మామగారు ఎమిల్యాన్. "వచ్చావా అమ్మాయ్? నువ్వు చేసిన పనికి రెండు పీపాలు వెనిగర్ అయ్యాయి. ఏడాదంతా సలాడ్‌లో పోసుకో." నేను చేసిన పనా మామయ్యా, మీరు చెయ్యని పనా అని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఏడవడానికే ఓపిక లేదు, ఇంక పోట్లాటేం పెట్టుకుంటుంది.

ఆ తల్లి ఆమెకు వదిలి వెళ్ళింది కొండవాలు మీద చిన్న ద్రాక్షతోట ముక్క. వాళ్ళుండే బర్గండీ సీమలో ఎర్ర వైన్‌కి ద్రాక్ష ఒకటే, పినో నువార్. తేడా అంతా నేలదే. రాతిగోడకి ఇవతల ముక్కకి ఒక పేరు, ఒక రుచి. అవతల దానికి ఇంకో పేరు, ఇంకో రుచి. తాగేవాళ్ళు ఆ పేరు చూసే సీసా తీస్తారు. తల్లి ముక్క పేరు కోంబ్ ఒ గ్రివ్. ఎగువన సున్నపురాళ్ళ మధ్య ఉండబట్టి కాపు తక్కువ, ఏడాదికి ఒక్క పీపా. అందులో మాత్రం అడవి చెర్రీల వాసన, తడిరాయి చల్లదనం. ఆ పీపాని రెజిస్ మూలకి దొర్లించి "ఇది నింపుడు పీపా" అన్నాడు. కొండ దిగువనున్న మామగారి పొలం పీపాలు తరిగినప్పుడల్లా ఇందులోంచి తోడి పోయాలి. "మనదేగా, మన వైన్‌కి పట్టొస్తుంది" అన్నాడు. అలా వరసగా రెండు పంటలు మాయమయ్యాయి. కొనేవాళ్ళు లొట్టలేసి "ఈమధ్య మీ వైన్ భలే తేరుకుందండీ" అంటే, మామగారు మీసం దువ్వుకున్నాడు. తన చేత్తోనే తన తల్లిని తోడి పోస్తున్నట్టు మ్యూరియెల్‌కి అనిపించేది. ఎవరి మీద అరవాలి? కూజా పట్టుకున్నది తనే కదా! ఈసారి కొత్త పంట పీపాలోకి చేరినరోజే ఒక నిర్ణయానికి వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అనుమతి అడిగినట్టవుతుంది.

ఆ తర్వాత వచ్చిన సోమవారం లియోన్ నుంచి ఒక హోటల్‌కి వైన్లు కొనే బస్తియాన్ వచ్చాడు. రెజిస్, ఎమిల్యాన్ అతన్ని నేలమాళిగలోకి తీసుకెళ్ళి ఒక్కో పీపా రుచి చూపిస్తున్నారు. మ్యూరియెల్ వేడివేడి చీజ్ బూరెల పళ్ళెం తెచ్చి పెట్టింది.

"ఆ మూలదేమిటి?" అన్నాడు బస్తియాన్.

"అబ్బే, అది లెక్కలోది కాదు" అన్నాడు ఎమిల్యాన్. "మా కోడలిది. నింపుకోడానికి ఉంచాం. దానికి పేరేం లేదు."

ఈ వాలు మీద ప్రతి ముక్క పేరూ నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి! మ్యూరియెల్‌కి ఒళ్ళు భగ్గుమంది.

"ఉంది మామయ్యా. కోంబ్ ఒ గ్రివ్. మీకు తెలీదూ?"

"మొదలెట్టావా!" రెజిస్ నవ్వబోయాడు. "పెద్దమనిషి ముందు ఏంటే ఇది?"

బస్తియాన్ గ్లాసు చాపాడు. "అయితే ఒక చుక్క చూద్దాం మదామ్."

"ఇప్పుడు కాదండీ. ఇంకా కుదురుకోవాలి. అయ్యాక నేనే పిలుస్తాను, నా పేరు సీసా మీద ఉంటుంది."

అతన్ని సాగనంపి రెజిస్ రుసరుసలాడుతూ కిందికి వచ్చేసరికి, మ్యూరియెల్ కొత్త పంట చేరినరోజే విడిగా దాచుకున్న గాజుబుడ్డిలోంచి తన వైన్‌నే తన పీపాలో పోస్తోంది. వెనకే ఎమిల్యాన్ కూడా దిగాడు. దిగువ పొలం పీపాల బిరడాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

"ఒక్క ముక్క కోసం పరువు తీశావు కదే! మళ్ళీ వెనిగర్ కావాలా? వీటిలో ఏం పోస్తావు?" అన్నాడు రెజిస్.

మ్యూరియెల్ బిరడా బిగించి చేతులు తుడుచుకుంది.

"నాది నేను నింపుకున్నాను" అంది. "మీవి మీరు నింపుకోండి."