లోపలి హ్యాండిల్

జీపులకు లోన్లు ఇట్టే దొరుకుతున్న రోజులవి. ఆవర్‌పూర్ రోడ్డంతా జీపులే, జీపు నిండా జనమే. ఆ ఒత్తిడికి వెనక తలుపు తెరుచుకుని ఎవరూ పడిపోకుండా, లోపలి హ్యాండిల్ పీకేసి ఆ కంతకు రేకు అతికించేవారు. దిగాలంటే డ్రైవరే వచ్చి బయటినుంచి తీయాలి. రాజురాలో ఆ పనికి సమ్మన్న షెడ్డు పెట్టింది పేరు. ఆ పేరే ఆయన మెడకు చుట్టుకుంది.

జూన్ నెలాఖరు. వాన చినుకన్నది లేదు. మిట్టమధ్యాహ్నం ప్రమోద్ తన జీపు తెచ్చి నిలిపాడు. లారీ గుద్ది వెనక తలుపు సొట్టపోయింది. మాజ్రి దగ్గర తుక్కుకొట్టులో దొరికిందని ఇంకో తలుపు కూడా తెచ్చాడు. రేపటినుంచి బండిలో బడిపిల్లలు తిరుగుతారనీ, లోపల హ్యాండిల్ లేకపోవడమే మంచిదనీ చెప్పి భోజనానికి వెళ్లాడు.

సమ్మన్న బోల్టులు విప్పి పాత తలుపు దించాడు. కొత్తదాన్ని తిప్పి చూశాడు. కంతమీద నూనెడబ్బా రేకు, నాలుగు మూలలా అతుకుగా నాలుగు ఇత్తడి చుక్కలు. అలా చుక్కలు పెట్టేది జిల్లా మొత్తంలో తనొక్కడే.

నాలుగేళ్ల కింద కోర్పనా దారిలో వాగు పొంగి ఒక జీపు బోల్తాపడింది. డ్రైవరు ఈది బయటపడ్డాడు. వెనక ఉన్న ఆరుగురు బయటికి రాలేకపోయారు. ఆ ఆరుగురిలో సమ్మన్న అక్క సాయమ్మ ఒకతె. ఊరంతా డ్రైవర్ని తిట్టింది. అందరికంటే గట్టిగా తిట్టింది సమ్మన్నే. ఆ తలుపు ఎవరు బిగించారో భార్య రాజక్కకు కూడా చెప్పలేదు, అంత పిరికివాడు.

తను కాదంటే ప్రమోద్ ఇంకో షెడ్డుకు పోతాడు. పిల్లలు ఈ తలుపు వెనకే కూర్చుంటారు. తనే బిగిస్తే లోపల హ్యాండిల్ పెట్టొచ్చనుకుని ఎత్తి బిగించాడు. తలుపు మూసుకోగానే, మనుషులు ఎక్కినట్టు జీపు వెనకభాగం కిందికి దిగిపోయింది.

లోపలినుంచి ఎవరో తట్టారు. కాసేపటికి అరచేతులతో బాదడం మొదలైంది. అద్దంలోంచి చూస్తే సీట్లు ఖాళీ. తలుపు అంచునుంచి బురదనీళ్లు కారుతున్నాయి. బయటి హ్యాండిల్ ఎంత గుంజినా కదల్లేదు.

పారిపోవాలనిపించింది. అయినా పాత తలుపుకున్న లోపలి హ్యాండిల్ ఊడదీసి పట్టుకుని, ముందు సీటు మీదుగా పాక్కుంటూ వెనక్కి దిగాడు. మోకాళ్లదాకా చల్లగా తగిలింది. పక్కన ఎవరో సర్దుకుని చోటిచ్చారు. ఉలితో రేకు లేపి, ఆ హ్యాండిల్ అక్కడ బిగించి, వచ్చిన దారినే బయటపడ్డాడు.

హ్యాండిల్ తనంతట తానే తిరిగింది. తలుపు తెరుచుకుంది. బండి బరువు మోసే కమాన్ పట్టీలు కిర్రుమని జీపు కొద్దిగా పైకి లేచింది. ఒకరు. మళ్లీ లేచింది. ఇద్దరు. సమ్మన్న లెక్కపెట్టాడు. అయిదు దాకా వచ్చి ఆగింది.

"అక్కా, దిగు," అన్నాడు.

జీపు కదల్లేదు. అక్క అలిగితే అంతే, చిన్నప్పటినుంచీ. అసలు మాట చెప్పందే లేవదు. సమ్మన్నకు ఏడుపు ముంచుకొచ్చింది.

"డ్రైవర్‌ది తప్పు కాదే అక్కా. తలుపు మూసింది నేనే. నాలుగేండ్లసంది ఎవ్వరికీ చెప్పలే."

చాలాసేపటికి కమాన్ పట్టీలు కిర్రుమన్నాయి.

ప్రమోద్ తిరిగొచ్చి హ్యాండిల్ చూసి గొణిగాడు. సమ్మన్న వాగు సంగతి, రేకు సంగతి ఏదీ దాచకుండా చెప్పాడు. ప్రమోద్ ఆ హ్యాండిల్‌ను ఒకసారి తిప్పి చూశాడు.

"ఉండనియ్యి సమ్మన్నా," అన్నాడు చివరికి. తాళంచెవులు తీసుకోబోయి ఆగాడు. "వాన లేదు గదా, నీ భుజం గట్ల తడిసిందేంది?"

సమ్మన్న తల తిప్పి చూసుకున్నాడు. అంగీ మీద అయిదు వేళ్లు, బురదతో సహా అచ్చుపడి ఉన్నాయి.