కొట్టేసిన వరుసలు

టేపురికార్డరు ఒళ్లో పెట్టుకుని శ్రీపాదరావు ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాడు. 1984, శ్రావణమాసం. పక్కనున్న సీటులో గోనెసంచులు, కాళ్ల కింద ఎవరిదో కోళ్లబుట్ట.

"దానిక్కూడా టికెట్టు కొట్టాల్నా సార్? అంత బద్రంగా పట్టుకున్నారే!" అన్నాడు కండక్టరు.

శ్రీపాదరావుకు నవ్వు రాలేదు. తొమ్మిదేళ్ల కిందట అతను ఎమ్మిగనూరు నేతగాళ్ల మీద ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ ఒకటి తీశాడు. దాన్ని వచ్చే నెల హైదరాబాదు ఫిలిం సొసైటీ వాళ్లు వేస్తున్నారు. బెంగుళూరు స్టూడియోలో పనిచేసే మిత్రుడు, వచ్చే సోమవారం ఒక పూట ఖాళీ ఉంది, కావాలంటే శబ్దం మళ్లీ కలుపుకొమ్మని ఉత్తరం రాశాడు. ఆలోగా, అందులో రాట్నం తిప్పే హనుమక్క పాట టేపు మీదికి రావాలి. లేకపోతే ఆ సినిమాలో ఎప్పటికీ వయొలినే ఉండిపోతుంది.

ఆ వయొలిను పెట్టించింది శ్రీపాదరావే.

వాళ్ల నాన్న మంత్రాలయంలో పిల్లలకు పాఠం చెప్పేవాడు. ఒక్క అక్షరం తప్పితే శ్లోకం మొదటినుంచి మళ్లీ చదవాలి. తప్పు పాఠం నోట్లో ఉండటం ఎంగిలి అన్నం నోట్లో ఉన్నట్టే అనేవాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు శ్రీపాదరావు. బి.ఏ. అయ్యాక ఎం.ఏ. చేసి ఆదోనిలో లెక్చరరయ్యాడు. సాయంత్రాలు 'కండె' అనే చిన్న పత్రిక నడిపేవాడు. వచ్చిన ప్రతి రచనా తనే దిద్దేవాడు, ప్రూఫులు తనే చూసేవాడు. చేతిలో ఎర్రసిరా పెన్ను లేకుండా అతన్ని చూసినవాళ్లు తక్కువ.

1975లో అరువు తెచ్చిన కెమెరాతో అయ్యన్న అనే నేతగాడి ఇంటికి వెళ్లాడు. అయ్యన్న నేలలో తవ్విన గుంతమగ్గంలో కాళ్లు దించి కూర్చుని నేస్తుంటే, పక్కనే అతని భార్య హనుమక్క రాట్నం తిప్పుతూ నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది. చుడుతూ పాడేది.

"తిరగవే నా కండె, నిండవే నా కండె,
పొద్దు వాలే లోపల పొట్ట నింపుకో కండె."

ఈ రెండు వరుసలూ మళ్లీ మళ్లీ వచ్చేవి. పుట్టింటి చేలో పత్తి పూసిందని ఒకటి, తుంగభద్ర నీళ్లు వచ్చాయని ఒకటి, వెన్నెల మీద ఒకటి, మూడు చరణాలు రోజూ ఉండేవి. వాటి నడుమ ఆ పూట పేటలో జరిగినదంతా దూరిపోయేది. ఎవరింట్లో పాలు పొంగాయి, ఎవరి కోడలు ఎవరి మీద అలిగింది, అన్నీ. ఆ రోజు శ్రీపాదరావు బస్సు దిగుతుంటే చెప్పు తెగింది. అతను కుంటుకుంటూ వచ్చి ఇంకా కూర్చోనే లేదు, పాటలోకి ఎక్కేసింది.

"బస్సు దిగిన సామికి సెప్పు తెగిపాయె కండె!"

అయ్యన్న మగ్గం ఆపి మరీ నవ్వాడు. "సూసినావా సామీ! నేను గుంతలో దిగినాక పేటలో సంగతులు నాకు తెలిసేది ఈయమ్మ నోట్లోనే. నాకింగ పేపరెందుకు!"

స్పూలు టేపు నిండేదాకా శ్రీపాదరావు రికార్డు చేశాడు. ఆదోనికి వచ్చి, వయొలిను వాయించే భీమరావుకు వినిపించాడు.

"మగ్గం మోతలో సగం మాటలు తెలీవు. తెలిసేవేమో పాలూ చెప్పులూ! ఇదేం పాటప్పా?" అన్నాడు భీమరావు. "రాగం మాత్రం బాగుంది. వాయిస్తాను, పెట్టుకో."

శ్రీపాదరావుకు నిజమే అనిపించింది. టేపు దొరకడం కష్టమైన రోజులు. అదే స్పూలు మీద అతను భీమరావు వయొలిను ఎక్కించాడు. టేపు విని కాగితం మీద రాసుకున్న పాటను మాత్రం 'కండె' పత్రికలో అచ్చు వేశాడు. మూడు చరణాలు ఉంచి, మిగిలిన వరుసలన్నీ ఎర్రసిరాతో కొట్టేశాడు. చెప్పు తెగిన వరుసనైతే రెండుసార్లు కొట్టాడు.

మరుసటి ఏడు ఎమ్మిగనూరు బళ్లో తెర కట్టి సినిమా చూపించాడు. అయిపోయాక హనుమక్క దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "నా పాట యాడుంది సామీ?"

"నీ పాట పుస్తకంలో ఉందక్కా. అది ఎప్పటికీ పోదు," అని పత్రిక ఆమె చేతిలో పెట్టాడు. ఆమె రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుంది.

ఇన్నేళ్లలో ఆ సినిమా ఎన్నిసార్లు వేసినా, ఆమె చేయి రాట్నం తిప్పే చోట వయొలిను మొదలవగానే శ్రీపాదరావు లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

ఎమ్మిగనూరులో అదే ఇల్లు. మగ్గం అక్కడే ఉంది, అయ్యన్నే నేస్తున్నాడు. హనుమక్క తలనెరిసింది. సంగతి చెప్పగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"పాడకేమి సామీ! ఉండు," అని లోపలికి పోయి గుడ్డలో చుట్టిన పత్రిక తెచ్చింది. "నాకు సదువు రాదు గదా. బడికి పోయే మా సంతోషమ్మతో సదివించుకొని నేర్సుకున్నా. పంద్రాగస్టుకు బళ్లో పాడిపిస్తారు."

రాట్నం తిప్పుతూ పాడింది. గొంతు తగ్గలేదు. పత్తి పూసింది, నీళ్లు వచ్చాయి, వెన్నెల కాసింది. మూడు చరణాలూ అయ్యాక ఆగిపోయింది.

"నడుమ పేట సంగతులు కలిపేదానివి కదక్కా, అవి?"

హనుమక్క సిగ్గుపడింది. "అవి పాట కాదంట గద సామీ. బడి అయివారు సెప్పినాడు, పుస్తకంలో ఉన్నట్ల పాడాలని. సదువుకున్నోడివి, ఇసారించే కదా నువ్వు తీసేసింటావు."

గుంతలోంచి అయ్యన్న అన్నాడు. "ఆ పొద్దు నించి నాకు పేటలో ఎవరు పుట్టిందీ ఎవరు పోయిందీ తెలీదు సామీ. అంతా వెన్నెలే!"

"ఊరుకో! సామి ముందర ఏం మాటలవి!"

"తప్పు నాదక్కా," అన్నాడు శ్రీపాదరావు. "నేను కొట్టేసినవే పాట. ఈ పూట సంగతులు పెట్టి ఒక్కసారి పాడు."

ఆమె అతని ముఖం చూసింది. వేళాకోళం కాదని తెలిసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. రెండు వరుసలూ అయ్యాయి. రాట్నం తిరుగుతోంది, ఆమె వాకిలివైపు చూసింది, ఎదురింటి వైపు చూసింది. పెదవులు కదిలాయి. వెంటనే పత్తి పూసిన చరణం దానంతటదే వచ్చేసింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ పత్తే పూసింది. రాట్నం ఆపేసింది.

"రాలేదు సామీ. అప్పుడు యాడ నించి వస్తాండెనో నాకే తెలీదు."

అయ్యన్న నాడె చేతిలో పట్టుకుని గుంతలోంచి కొంచెం లేచాడు. "ఆ పొద్దు నువ్వు పట్టుకున్న టేపు ఉంటాది గదా. అది పెట్టు సామీ. ఇంటే ఈయమ్మకు దావ దొరుకుతాది. నేనూ ఇంటా."

శ్రీపాదరావు టేపురికార్డరు మూత మూశాడు.

"లేదయ్యన్నా. చెరిపేశాను. దాని మీదే వయొలిను ఎక్కించాను."

అయ్యన్న మళ్లీ గుంతలో కూర్చుని కాలితో పలక తొక్కాడు. మగ్గం మోత మొదలైంది. హనుమక్క మాత్రం, "పోనీలే సామీ, పుస్తకంలో ఉండాది గదా," అని పత్రికను జాగ్రత్తగా గుడ్డలో చుట్టింది. మజ్జిగ ఇచ్చింది. ఒకప్పుడు ఆ ఇంట మంచినీళ్లు కూడా ముట్టనివాడు, గ్లాసు ఖాళీ చేసి లేచాడు.

తిరుగు బస్సులో నోటుపుస్తకం తీశాడు. ఎర్రసిరాతో కొట్టేసిన ఆ కాగితం ప్రెస్సులోనే ఎప్పుడో పోయింది. ఆ రోజు ఆమె పాడిన వరుసలు గుర్తున్నంతవరకైనా రాసి, ఈసారి వచ్చినప్పుడు చదివి వినిపిస్తే ఆమెకు దారి దొరుకుతుందేమో అనుకున్నాడు. పది దాకా ఉండేవి. ఎవరివో పాలు పొంగాయి, ఎవరి పాలు? ఎవరో అలిగారు, ఎవరి కోడలు? కళ్లు మూసుకున్నాడు. ఎమ్మిగనూరు పొలిమేర దాటింది, పత్తి చేలు వచ్చాయి, పోయాయి. ఆదోని కొండలు కనిపించేదాకా పెన్ను పట్టుకునే ఉన్నాడు.

పుస్తకంలో ఒకే ఒక్క వరుస పడింది. చెప్పు తెగిన వరుస. అంత పాటలో అతనికి గుర్తున్నది తన గురించి పాడిందొక్కటే.